గణిత విద్య – గణన యంత్రము

గోదావరీ నది దక్షిణ తీరమున, పెద్దపల్లి జిల్లాలో, రామగుండము, గోదావరిఖని అను పట్టణములు కలవు. ఖని యనగా గని. ఆ సీమ జీవనమంతయు నేల క్రింది బొగ్గును ఆశ్రయించి యున్నదని ఊరి పేరే చెప్పుచున్నది. ఇల్లెందు ప్రాంతమున బొగ్గు నిక్షేపములు గలవని విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు 1871లో గుర్తించెను. 1889లో అచట త్రవ్వకము ప్రారంభమయ్యెను. 1920వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. నేడు ఈ సంస్థలో తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వమునకు నూటికి 51 వంతులు, కేంద్ర ప్రభుత్వమునకు 49 వంతులు భాగము కలదు. సంస్థకు చెందిన విద్యాసంఘము కార్మికుల బిడ్డల కొరకు పాఠశాలలను కూడ నడుపుచున్నది.

ఆ ప్రాంతపు ప్రజలు గనిని బొగ్గు బాయి యందురు. భూగర్భములోని బాయిలో పని మొదలిడుటకు ముందు సర్దారు పని తావును పరీక్షింపవలెను. అతడు ఒక కడ్డీతో పై కప్పును తట్టి, ఆ ధ్వనిని చెవియొగ్గి వినును. గట్టి కప్పు కంగుమని మ్రోగును. లోపల పగులు వారి వదులైన కప్పు డొల్లగా పలుకును. కంటికి రెండును ఒక్క తీరుననే కనబడవచ్చును. కాని డొల్లగా పలికిన కప్పు క్రింద మనుష్యులను నిలుపరాదు. ముందుగా దానిని కూల్చివేయుటయో, ఆధారములు పెట్టి నిలువరించుటయో చేయవలెను.

చదువులో కూడ ఇట్టి డొల్ల తావులు కలవు. అవి గణితమునందు మిక్కిలి తరచుగా కనబడును. చరిత్ర పాఠములలో ఒకటి రాకపోయినను తరువాతి పాఠమును కొంతవరకు గ్రహింపవచ్చును. గణితము అట్టిది కాదు. అది మెట్లు మెట్లుగా కట్టిన శాస్త్రము. భిన్నములు రాని బాలునికి నిష్పత్తి తెలియదు. నిష్పత్తి తెలియనివాడు వాలును లెక్కింపలేడు. నాలుగు మీటర్లు ముందునకు సాగునప్పటికి ఒక మీటరు క్రిందికి దిగు సొరంగము నూరు మీటర్లు ముందునకు సాగునప్పటికి ఎంత లోతునకు చేరునని అడిగినచో అతడు తెల్లబోవును. పదవ తరగతిలోని త్రికోణమితి అతనికి అర్థము కాని భాషవలె తోచును. పదవ తరగతిలో బయటపడిన ఈ లోపము పుట్టినది మాత్రము అయిదవ తరగతిలోని భిన్నములలోనే.

ఉపాధ్యాయుడు ఈ లోపమును ఆనాడే ఏల కనిపెట్టలేదని మీరు అడుగవచ్చును. ఒక తరగతిలో నలుబది మంది విద్యార్థులు ఉన్నారనుకొందము. ఒక్కొక్కరు దినమునకు పది లెక్కలు చేసినచో నాలుగు వందల లెక్కలగును. వారమునకు అవి రెండు వేలు దాటును. ఏ లెక్కలో ఎవరు ఏ మెట్టున తప్పిరో అన్నిటిని చూచి, వ్రాసి, గుర్తుంచుకొనుట ఎంతటి శ్రద్ధగల గురువునకైనను సాధ్యము కాదు. ఇంటియొద్ద చూచువారుందురా యనిన, బాయి పని రేయింబవళ్లు షిఫ్టులుగా సాగును. రాత్రి షిఫ్టుకు పోయివచ్చిన తండ్రి నిద్రించు వేళకు బిడ్డ బడిలో ఉండును.

ఇక మార్కుల పట్టిక యున్నది గదా యందురేమో! ఆ పట్టిక మొత్తమును మాత్రమే చెప్పును. ఇద్దరు విద్యార్థులకు నూటికి నలుబదేసి మార్కులు వచ్చినవనుకొనుడు. ఒకనికి బీజగణితము వచ్చును, రేఖాగణితము రాదు. రెండవవానికి రెండును తెలియును గాని కూడికలలో తొందరపాటు కలదు. పట్టికలో ఇద్దరును సమానులే. ఇద్దరికిని ఒకే మందు ఇచ్చిన ఒకనికైనను రోగము కుదురదు.

ఒక ఉదాహరణమును పరిశీలింతము. ఒక బాలికకు మూడు సమీకరణములు ఇచ్చిరి. మొదటిది: 3x − (x − 4) = 10. రెండవది: 5x − (2x − 3) = 15. మూడవది: 7 − (x − 2) = 4. వీటికి సరియైన జవాబులు వరుసగా 3, 4, 5. ఆ బాలిక 7, 6, 1 అని వ్రాసెను. మార్కులు వేయువాడు మూడు లెక్కలకును సున్న చుట్టును. కాని మీరే పలక తీసికొని ఆ జవాబులు ఎట్లు వచ్చెనో వెదకుడు. ఆమె కుండలీకరణమును విప్పునపుడు మొదటి పదము గుర్తును మార్చెను. రెండవ పదము గుర్తును మార్చుట మరచెను. మూడు లెక్కలలోను అదే తప్పు! తక్కిన పని యంతయు నిర్దుష్టముగా చేసెను. ఆమెకు సమీకరణములు రావనుట అన్యాయము. ఆమెకు తెలియనిది ఒక్క చిన్న సూత్రము. దానిని పది నిమిషములలో సరిదిద్దవచ్చును. సరిదిద్దని యెడల సంవత్సరమంతయు ఆమె తనకు గణితము అబ్బదని నమ్మి క్రుంగిపోవును.

జవాబు తప్పా ఒప్పా యని తెలుపుటతో నిలువక, తప్పు యొక్క జాడను పట్టుట పరీక్షకు నిజమైన ప్రయోజనము. ఈ పనిలో గురువునకు తోడ్పడుటకై కంప్యూటరును వినియోగించు ప్రయత్నము అరువది యేండ్లకు పూర్వమే మొదలయ్యెను. 1960లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున డొనాల్డ్ బిట్జర్ అను ఇంజనీరు ప్లేటో అను బోధన యంత్రమును నెలకొల్పెను. అదే దశాబ్దిలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు పాట్రిక్ సప్పీస్ ప్రాథమిక పాఠశాలల బాలురకు కంప్యూటరు ద్వారా లెక్కల అభ్యాసము చేయించెను. నాటి కంప్యూటరు బడిలో ఉండెడిది కాదు. దూరమున నున్న ఆ యంత్రమునకు టెలిఫోను తీగ ద్వారా ప్రశ్నలును జవాబులును పోయి వచ్చుచుండెడివి. 1990 దశాబ్దిలో పిట్స్‌బర్గ్ నగరపు ఉన్నత పాఠశాలలలో బీజగణితమును అభ్యసించువారికి జాన్ ఆండర్సన్, ఆయన సహచరులు తయారుచేసిన కంప్యూటరు బోధకుడు తోడు నిలిచెను. విద్యార్థి వేయు ప్రతి మెట్టును అది గమనించి, దారి తప్పినచోట హెచ్చరించుచుండెను.

విద్యార్థి మనస్సులో ఉన్నదానిని యంత్రము ఎట్లు తెలిసికొనును? నిజమునకు అది తెలిసికొనదు, ఊహించును. ఆ ఊహకు గణితమే ఆధారము. ఆల్బర్ట్ కార్బెట్, జాన్ ఆండర్సన్ అనువారు 1995లో ప్రకటించిన పద్ధతిని సులభముగా ఇట్లు చెప్పవచ్చును.

ఒక సూత్రమును నూరు మంది పిల్లలలో నలుబది మంది ఎరుగుదురనియు, అరువది మంది ఎరుగరనియు అనుకొందము. వారికి నాలుగు జవాబులలో ఒకటి ఎంచుకొనవలసిన ప్రశ్న ఇచ్చితిమి. ఎరిగినవారిలో కూడ పదింట ఒకరు పరాకున తప్పు చేయుదురనుకొనిన, నలుబది మందిలో 36 మంది సరియైన జవాబు చెప్పుదురు. ఎరుగనివారు గ్రుడ్డిగా ఎంచినను నాలుగింట ఒక వంతు సరిపడును గనుక అరువది మందిలో 15 మంది కూడ సరిగానే గుర్తు పెట్టుదురు. మొత్తము సరిగా చెప్పినవారు 51 మంది. వారిలో నిజముగా ఎరిగినవారు 36 మంది. కావున సరియైన జవాబు చెప్పిన విద్యార్థికి ఆ సూత్రము తెలిసియుండుటకు నూటికి సుమారు 71 పాళ్లు అవకాశము కలదు. తప్పు చెప్పినవారు 49 మంది. వారిలో ఎరిగినవారు నలుగురే. అనగా నూటికి 8 పాళ్లు.

ఇందు గమనింపదగిన విషయములు రెండు కలవు. ఒక్క సరియైన జవాబును చూచి యంత్రము సంతృప్తి చెందదు. అది ఊహ వలన తగిలిన బాణము కావచ్చును. ఒక్క తప్పును చూచి విద్యార్థిని త్రోసివేయదు. అది పరాకున జరిగినది కావచ్చును. రెండవ ప్రశ్నకును సరియైన జవాబు వచ్చినచో నమ్మకము 71 నుండి 90కి పెరుగును. మూడవది కూడ సరిపోయినచో 97కు చేరును. ఇదిగాక, అభ్యాసము చేయుచుండగానే విద్యార్థి క్రొత్తగా నేర్చుకొనుటకు గల అవకాశమును కూడ ఆ పద్ధతిలో కలిపి లెక్కింతురు. ఆండర్సన్ బృందమువారు 95 పాళ్ల నమ్మకమును హద్దుగా పెట్టుకొనిరి. ఆ హద్దు చేరువరకు విద్యార్థికి అదే సూత్రముపై క్రొత్త లెక్కలు వచ్చుచుండును. చేరినంతనే తరువాతి మెట్టునకు దారి తెరచుకొనును.

పిల్లలలో ఎవరికేమి రాదో తెలిసినంతనే చదువు బాగుపడునా? ఈ ప్రశ్నకు తెలుగునాటనే ఒక సమాధానము దొరకినది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని అయిదు జిల్లాలలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థిక శాస్త్రజ్ఞులు గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలపై ఒక పెద్ద పరిశోధన ఆరంభించిరి. అందులో ఒక భాగముగా నూరు పాఠశాలలలో పిల్లలకు పరీక్షలు పెట్టి, వారి బలములను, బలహీనతలను వివరించు నివేదికలను ఉపాధ్యాయులకు అందించిరి. తరువాత తరగతులను దర్శించి బోధనను గమనించిరి. ఇట్టి సహాయము లేని మరి నూరు పాఠశాలలను పోలిక కొరకు ఎంచుకొనిరి.

సంవత్సరాంతమున ఫలితములు చూడగా ఆశ్చర్యము కలిగెను. పరిశీలకులు వచ్చిన వేళ నివేదికలు అందిన ఉపాధ్యాయులు ఎక్కువ చురుకుగా బోధించుచు కనబడిరి. కాని వారి విద్యార్థుల మార్కులు తక్కిన పాఠశాలల విద్యార్థుల మార్కులకంటె మెరుగు కాలేదు. ఆ పరిశోధనలోనే వేరొక భాగమున, విద్యార్థుల ప్రగతినిబట్టి ఉపాధ్యాయులకు బహుమానము ఏర్పరచిన పాఠశాలలుండెను. అచట మాత్రము నివేదికలను ఎక్కువగా ఉపయోగించుకొంటిమని చెప్పిన ఉపాధ్యాయుల విద్యార్థులు మెరుగైన ఫలితములు చూపిరి. 2010లో ప్రకటింపబడిన ఈ పరిశోధన తేల్చినది ఏమనగా: నివేదిక పనిముట్టు వంటిది. చేతికి తీసికొని పని చేసినవానికే అది ఫలించును. పెట్టెలో పెట్టినవానికి బరువే మిగులును.

మరి పనిముట్టును పనితో ముడివేసినచో ఏమగును? దీనిని అదే మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనీమియన్ అనువారితో కలిసి ఢిల్లీలో పరిశీలించెను. అచట మైండ్‌స్పార్క్ అను కంప్యూటరు అభ్యాసమును కోరిన 619 మంది విద్యార్థులలో కొందరికి చీట్ల పద్ధతిని అవకాశము కల్పించిరి. ఆ కంప్యూటరు ప్రతి విద్యార్థిని పరీక్షించి, అతడే మెట్టున ఉన్నాడో ఆ మెట్టుననే పాఠము మొదలిడును. ఆ పరీక్షలో ఒక కఠిన సత్యము బయటపడెను. ఆరవ తరగతి విద్యార్థి గణితములో సగటున రెండున్నర తరగతులు వెనుకబడి యుండెను. తొమ్మిదవ తరగతికి వచ్చునప్పటికి ఆ దూరము మరింత పెరిగియుండెను. పాఠ్యపుస్తకము తన దారిన తాను ముందునకు నడచిపోయెను. బాలుడు మాత్రము వెనుకనే నిలిచిపోయెను. నాలుగున్నర మాసముల పిదప, అవకాశము పొందినవారు పొందనివారికంటె గణితములోను, హిందీలోను స్పష్టముగా ముందంజ వేసిరి. మామూలు తరగతిలో మిక్కిలి వెనుకబడిన పిల్లలు ఆ కాలములో ముందునకు కదలినట్లే లేదు. ఇచట మాత్రము వారును నడచిరి. 2019లో ఈ ఫలితములు ప్రకటింపబడెను.

ఇటీవలి సంవత్సరములలో ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో ఇట్టి అభ్యాసమును టాబ్లెట్లపై చేయించుచు వచ్చిరి. 2019లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిన మువ్వురిలో ఒకరగు మైకేల్ క్రెమర్ బృందము దాని ఫలితములను పరిశీలించినది. తెలంగాణ ప్రభుత్వము కూడ 2025లో ప్రాథమిక పాఠశాలల పిల్లలకు చదువుటయు, లెక్కలును కృత్రిమ మేధ సహాయముతో నేర్పు ప్రయత్నమునకు పూనుకొన్నది.

ఈ యంత్రము వలన మేలేగాని కీడు లేదనుకొనరాదు. 2020లో కరోనా వ్యాధి కారణముగా ఇంగ్లండులో ఉన్నత పాఠశాల తుది పరీక్షలు జరుగలేదు. అప్పుడు ఉపాధ్యాయులు అంచనా వేసిన శ్రేణులను కంప్యూటరు లెక్కతో సవరించిరి. ఆ లెక్క ప్రతి పాఠశాలయొక్క పూర్వపు ఫలితములను గణించెను. తత్ఫలితముగా నూటికి సుమారు నలుబది శ్రేణులు తగ్గిపోయెను. వెనుకబడిన పాఠశాలలో చదివిన తెలివిగల విద్యార్థి తన అన్నల, అక్కల మార్కుల బరువును తాను మోయవలసి వచ్చెను. విద్యార్థులు వీధులలో నిలిచి నిరసన తెలిపిరి. కొన్ని దినములలోనే ప్రభుత్వము ఆ లెక్కను ఉపసంహరించుకొని, ఉపాధ్యాయుల అంచనాలను అంగీకరించెను. సగటు అనునది సమూహమును గూర్చి చెప్పు మాట. దానిని ఒక్కొక్క బిడ్డ నొసట వ్రాయరాదు.

మరియొక జాగ్రత్త కూడ అవసరము. విద్యార్థి చేసిన తప్పులన్నియు యంత్రములో నిలిచియుండును. ఎనిమిదవ తరగతిలోని తప్పు ఇరువదియవ యేట ఎదురు వచ్చి నిలువరాదు గదా! వ్యక్తుల సమాచారమును కాపాడుటకై భారత పార్లమెంటు 2023లో ఒక చట్టము చేసినది. 18 ఏండ్లు నిండనివారిని అది పిల్లలుగా గణించి, వారి సమాచారమునకు ప్రత్యేక రక్షణను ఉద్దేశించినది.

ఇక విద్యార్థుల వంతు కూడ కలదు. కొందరు త్వరగా ముందు మెట్టునకు పోవలెనని జవాబులను ఊహించి నొక్కుదురు. కొందరు ప్రక్కవాని పలకలోనికి తొంగిచూతురు. యంత్రము మోసపోవును, వారికి రాని పాఠమును వచ్చినదని నమ్మి, మరింత కఠినమైన దానిని వారి ముందుంచును. అప్పుడు నష్టపడునది యంత్రము కాదు. వదులైన కప్పును గట్టిదని చెప్పి దాని క్రిందికి తానే నడచిన కార్మికునికిని, అట్టి విద్యార్థికిని భేదమేమి?

భూగర్భ గనికి చెంత ల్యాంపు గది ఒకటి యుండును. బాయిలోనికి దిగు ప్రతి కార్మికుడును అచట దీపమును తీసికొని, పైకి వచ్చినపుడు తిరిగి అప్పగించును. షిఫ్టు ముగిసిన పిమ్మట ఒక దీపము తిరిగి రాలేదనిన, దాని వెంట పోయిన మనిషి ఇంకను పైకి రాలేదేమోనని తెలియును. ఎంత పెద్ద గుంపులోనైనను ఆ ఒక్కని లోటు దాగదు. కాని ఆ పట్టిక అతనిని పైకి తేలేదు. దానిని చూచినవారు వెంటనే లేచి, దీపములు చేతబట్టి వెదకుటకు దిగవలెను. కంప్యూటరు తయారుచేయు ప్రగతి పట్టిక కూడ అట్టిదే. నలుబది మందిలో ఏ బిడ్డ ఏ మెట్టున ఆగిపోయినదో అది చూపును. ఆ మెట్టు వరకు దిగిపోయి, చేయిపట్టి, పైకి తీసికొని వచ్చుట గురువు పని. చేయి చాచుట విద్యార్థి పని.